ఈ సీసాలో ఇదివరకు ఏముండేది?

మిషిగన్‌లో పెరిగే మన పిల్లలకు ఖాళీ కోక్ సీసా అంటే పది సెంట్లు. కాబట్టి ఈ చరిత్ర పాఠం అక్కడే మొదలుపెట్టండి. 1976లో ఇక్కడి ఓటర్లు ఆ చట్టానికి ఓటేశారు, 1978 డిసెంబరులో అమల్లోకి వచ్చింది. రోడ్ల పక్కన పారేస్తున్న సీసాలు, డబ్బాలే అప్పటి బాధ. (ఆ పది సెంట్లు మాత్రం నేటికీ పెరగలేదు!)

ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసా అప్పుడప్పుడే వస్తోంది. దాని ముడిసరుకు పెట్ అనే ప్లాస్టిక్. 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు దాన్ని తయారుచేసింది దారం కోసం. మన పాలియెస్టర్ చీరలు ఆ దారమే. గ్యాస్ ఒత్తిడికి తట్టుకునే సీసాగా మలిచింది డూపాంట్ ఇంజినీరు నథానియెల్ వైయెత్, చిత్రకారుడు ఆండ్రూ వైయెత్‌కి అన్న. 1973లో పేటెంటు వచ్చింది.

మరి వాపసు వచ్చిన సీసాలు మళ్లీ సీసాలయ్యాయా? చాలా ఏళ్లు కాలేదు. కార్పెట్లు, దిండ్లలో కూరే దూది లాంటివి అయ్యాయి. ఎందుకో క్లాసులో అడగండి. "కరగదేమో" అంటారు పిల్లలు. కరగడం కష్టమేం కాదు, సుమారు 250 డిగ్రీలు చాలు. చిక్కంతా వేరే చోట ఉంది.

ఊళ్లో అమ్మమ్మగారింట్లో ఖాళీ సీసా ఏమయ్యేదో గుర్తు తెచ్చుకోండి. కిరోసిన్, ఫినాయిల్, బండికి పెట్రోలు పోసుకునేవాళ్లం. అది మన పొదుపు, పిల్లల్ని నవ్వనివ్వకండి. కానీ గాజులా కాకుండా ఈ ప్లాస్టిక్ తనలో పోసినదాన్ని కొద్దిగా పీల్చుకుంటుంది. వేల సీసాల్లో కిరోసిన్ తాగినది ఏదో ఫ్యాక్టరీలో ఎవరు చెప్పగలరు?

1991లో అమెరికా ఎఫ్‌డీఏ మొదటిసారి "అభ్యంతరం లేదు" అంది. అది ప్లాస్టిక్‌ను మూల రసాయనాలుగా విడగొట్టి, శుద్ధిచేసి, మళ్లీ కట్టే పద్ధతికి. ఖర్చెక్కువ. తర్వాత కొన్నేళ్లకే ముక్కలు కోసి, వేడి కాస్టిక్ నీళ్లలో కడిగి, గాలి తీసేసి గంటల తరబడి వేడిచేసే పద్ధతులు వచ్చాయి. పీల్చుకున్నవి ఆ వేడికి బయటికి పోతాయి.

పోయాయని రుజువేమిటి? నాకు ఈ చరిత్రలో బాగా నచ్చేది ఇదే. సీసా మంచిదే అయ్యుంటుందిలే అని ఎవరూ అనుకోలేదు. కంపెనీయే ముక్కల్ని కావాలని క్లోరోఫాం, టోలుయిన్ లాంటి వాటిలో నానబెట్టి, తన పద్ధతిలో శుభ్రంచేసి, మిగిలింది కొలిచి చూపించాలి. మనిషి తినే ఆహారంలో ఆ పదార్థం వంద కోట్ల పాళ్లకు అర పాలు మించకూడదని లెక్క.

భారతదేశంలో రీసైకిల్ ప్లాస్టిక్‌ను ఆహారం ప్యాకింగుకి వాడటంపై ఉన్న నిషేధం 2022లో సడలింది. ఇప్పుడు వరంగల్ దగ్గర కూడా పాత సీసాల నుంచి కొత్త సీసాల ముడిసరుకు తీసే ఫ్యాక్టరీ ఉంది.

క్లాసుకి ఒక గిన్నెడు నీళ్లు, సీసా ముక్క, మూత ముక్క తెచ్చుకోండి. సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది. ఫ్యాక్టరీలో కూడా వాటిని అలాగే వేరుచేస్తారు.