రేగడిలో పుట్టిన ఆట

మధ్యధరా సముద్రములోని క్రీటు ద్వీపమున, క్నోసస్ అను పురాతన రాజప్రాసాదములో, ఒక కుడ్యచిత్రము దొరకినది. ఆర్థర్ ఎవాన్సు 1900లో అచ్చట త్రవ్వకములు ఆరంభించెను. ఉరికివచ్చు వృషభము వీపుమీదుగా ఒకడు పల్టీ కొట్టుచున్నట్లు ఆ చిత్రమున కలదు. సుమారు మూడువేల అయిదువందల ఏండ్లనాటి వినోదమది. మన గుంటూరు, ఒంగోలు సీమల రైతు దానిని చూచినచో, ఇంతటి ఎద్దుచేత పని చేయింపక ఈ గంతులేమని అడుగునేమో!

మన ఎడ్ల పందెము పనిలోనుండియే పుట్టినదని మేము తలచెదము. పత్తియు మిరపయు పండు నల్లరేగడి తడిసిన జిగురు, ఎండిన రాయి. అందులో నాగలి, గుంటక లాగుటకు మెడబలము కావలెను. ఎవరి జత గట్టిదను తగవు తీర్చుటకు రాతిబండను మించిన మధ్యవర్తి ఎవడు? నిర్ణయించిన కాలములో బండను ఎన్ని అడుగులు లాగినవో కొలిచి బహుమతి నిత్తురు. ఎడ్లను పండ్లనుబట్టి పాలపండ్లు, రెండుపండ్లు, నాలుగు, ఆరు అని విభజింతురు. సంతబేరములోని లెక్కయే ఇచ్చటను చెల్లును.

ఈ జాతి కీర్తి సముద్రములు దాటినది గాని, పేరు మారినది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడువరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండెను. అంతకుముందే బ్రెజిలు చేరిన మన పశువులకు అచ్చట 'నెలోర్' అను పేరే నిలిచినది. 1970లో ఒంగోలు కేంద్రముగా వేరు జిల్లా ఏర్పడినను ఆ దేశమువారికి దానితో పనిలేదు. అచ్చట అవి నాగలి లాగవు, మాంసమునకై పెరుగును.

ఇచ్చట ట్రాక్టరు వచ్చిన పిదప ఎద్దుకు పొలమున పని తరిగినది. కోటప్పకొండ తిరునాళ్ళకు ఎడ్లు లాగిన ప్రభలను సైతము ట్రాక్టర్లు లాగుచున్నవి. గుంటూరు చేరువనున్న లాం పరిశోధనా కేంద్రము ఈ జాతిని కాపాడుచున్నది. పల్లెలలో మాత్రము పందెపురైతే దిక్కు. దుక్కికి అక్కరలేని జతకు అతడు ఉలవలు ఉడికించి పెట్టుచున్నాడు. పని కన్న ఆటయే నేడు పనిలేని ఎద్దును సాకుచున్నది. ముల్లుగర్రతో పొడుచుట మాకు రుచింపదు. అయినను ఆ రైతును నిందించుటకు నోరు రాదు. మా చింత వేరొకటి: పందెమునకు కోడెలు కావలెను, ఒంగోలు ఆవును మేపువారు తగ్గినచో ఆ కోడెలు ఎచ్చటినుండి వచ్చును?

ఒక సంక్రాంతి పోటీలో, బండ ఆగగానే జనులందరు కొలతటేపువైపు పరుగిడిరి. జత యజమాని మాత్రము అటు చూడక, కాడి దింపి, ఎడ్ల మెడలు తడిమి చూచుకొనుచుండెను.