పేరు, స్కోప్, విలువ: రాయచూరు ఇంజనీరింగ్ తరగతుల్లో ప్రోగ్రామింగ్ భాషల సూత్రాల బోధన

కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న రాయచూరు జిల్లా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో భాగం. సరిహద్దు దాటితే ఒకవైపు గద్వాల, ఇంకోవైపు మంత్రాలయం. సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో తుంగభద్ర ఎడమ కాలువ కింద కోస్తా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన రైతుల క్యాంపులున్నాయి. ఆ క్యాంపుల పిల్లల్లో చాలామందికి ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారులో దక్కనీ ఉర్దూ, ఇంజనీరింగ్‌కు వచ్చాక ఇంగ్లీషు. ఇలాంటి విద్యార్థికి ప్రోగ్రామింగ్ భాషల సూత్రాలను ఎలా బోధించాలన్నది ఈ వ్యాస విషయం.

జిల్లాలో కంప్యూటర్ సైన్స్ చదువుకు ప్రధానంగా రెండు దారులున్నాయి. మొదటిది బెళగావి కేంద్రంగా 1998లో ఏర్పడిన విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం (వీటీయూ) అనుబంధ కళాశాలలు. రెండోది 2019లో మొదలైన రాయచూరు త్రిపుల్ ఐటీ. దాని తొలి తరగతులు సంగారెడ్డి దగ్గర కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో జరిగాయి. 2020 నాటి సవరణ చట్టంతో దానికి జాతీయ ప్రాముఖ్య సంస్థ హోదా దక్కింది. తర్వాత యరమరస్‌లోని ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ప్రాంగణంలో తాత్కాలికంగా నడిచింది. విద్యార్థుల సంఖ్య దృష్ట్యా మొదటి దారే పెద్దది కనుక నా చర్చ ఎక్కువగా దాని గురించే.

వీటీయూ 2022 స్కీమ్‌లో మొదటి ఏడాది సి భాషతో ప్రోగ్రామింగ్ సూత్రాల పేపరు ఉంది. దాంతోపాటు ‘ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ కోర్సు’ అనే వర్గంలో పైథాన్, జావా, సి ప్లస్ ప్లస్, వెబ్ ప్రోగ్రామింగ్ వంటి వాటిలో ఒకటి ఎంచుకోవాలి. మూడో సెమిస్టర్‌లో జావా వస్తుంది. అంటే ఒక్కో భాష ఒక్కో పేపరు. ఒక భాష పేపరు ముగిశాక ఇంకో భాష పేపరు మొదలవుతుందే గాని, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసే చోటు సిలబస్‌లో దొరకడం కష్టం. 2018 స్కీమ్‌లో ఆరో సెమిస్టర్‌కు కంపైలర్ల పేపరు ఉండేది. ఇలాంటి పేపర్లలో లెక్స్, యాక్, పార్సింగ్ పట్టికలు కాలమంతా తినేస్తాయి. ప్రోగ్రామ్ రూపం తెలుస్తుంది, దాని అర్థం దగ్గరికి వచ్చేసరికి సెమిస్టర్ అయిపోతుంది.

సరిహద్దుకు అవతల, తెలుగు రాష్ట్రాల జేఎన్‌టీయూల్లో, విద్యార్థులు పీపీఎల్ అని పిలిచే ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ప్రోగ్రామింగ్ లాంగ్వేజెస్’ పేపరు చాలా ఏళ్లుగా ఉంది. రాబర్ట్ సెబెస్టా పుస్తకం దానికి ఆధారం. ఆ పుస్తకం మంచిదే. అయితే పరీక్షకు వచ్చేసరికి అది ‘స్టాటిక్ స్కోప్, డైనమిక్ స్కోప్‌ల తేడాలు రాయండి’ అనే ప్రశ్నగా కుదించుకుపోతుంది. రెండు గడుల పట్టిక గీసి అయిదు తేడాలు రాస్తే మార్కులు పడతాయి. అదే విద్యార్థికి ఆరు వరుసల ప్రోగ్రామ్ ఇచ్చి రెండు నియమాల కింద ఏం ముద్రిస్తుందో చెప్పమంటే తడబడతాడు. పేపరు ఉన్నంత మాత్రాన సూత్రం వచ్చినట్టు కాదు.

బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన శ్రీరామ్ కృష్ణమూర్తి 2008లో ప్రోగ్రామింగ్ భాషలను బోధించే వాడుక పద్ధతి మీద గట్టి విమర్శ చేశారు. భాషలను ‘ఫంక్షనల్’, ‘ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్’ అంటూ జాతులుగా విడదీసి చెప్పడం లిన్నేయస్ కాలపు వృక్షశాస్త్రం లాంటిదనీ, ఏ భాషనైనా కొన్ని లక్షణాల కూర్పుగా చూడటమే మేలనీ ఆయన వాదన. నాకు ఈ వాదనతో పూర్తి ఏకీభావం ఉంది. పైథాన్ ఏ జాతిదో చెప్పగలిగిన విద్యార్థికి దాని గురించి ఏమీ తెలియకపోవచ్చు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. సి భాషలో మూడు అంకెల అర్రే ఉన్న ఒక స్ట్రక్చర్ తీసుకుందాం. ‘ర’ అనే చరరాశిలో 40, 50, 60 పెట్టి, ‘స’కు ‘ర’ను అసైన్ చేసి, ‘స’ మొదటి గడిలో 99 రాస్తే, ‘ర’ మొదటి గడిలో 40 అలాగే ఉంటుంది. మొత్తం అర్రే కాపీ అయింది. ఇప్పుడు స్ట్రక్చర్ తీసేసి, ఉత్త అర్రేని ఒక ఫంక్షన్‌కు పంపి లోపల మొదటి గడిలో 99 రాస్తే, బయట కూడా 99 కనిపిస్తుంది. అక్కడ ఫంక్షన్‌కు చేరింది మొదటి గడి అడ్రస్ మాత్రమే. పైథాన్ జాబితాకు రెండో పేరు పెట్టి మార్చినా, జావా అర్రేతో అదే చేసినా 99 వస్తుంది. ‘సిలో కాపీ, పైథాన్‌లో రిఫరెన్స్’ అని బట్టీ పట్టినవాడు సిలోని రెండో ప్రోగ్రామ్ దగ్గరే ఆగిపోతాడు. ‘ఈ అసైన్‌మెంట్‌లో, ఈ కాల్‌లో సరిగ్గా ఏం కాపీ అవుతోంది?’ అని అడగడం నేర్చినవాడికి నాలుగు సందర్భాలూ ఒకే ప్రశ్నకు నాలుగు జవాబులు.

చాలా నోట్సుల్లో ‘జావాలో ఆబ్జెక్టులు కాల్ బై రిఫరెన్స్’ అని రాసి ఉంటుంది. అది తప్పు. జావా ఎప్పుడూ విలువనే పంపుతుంది, ఆబ్జెక్టుల విషయంలో ఆ విలువ ఒక రిఫరెన్స్. రుజువు సులభం: రెండు ఆబ్జెక్టులను తారుమారు చేసే స్వాప్ ఫంక్షన్ జావాలో రాసి చూడండి. బయటి చరరాశులు మారవు. పిల్లలతో ఈ ప్రయోగం ల్యాబ్‌లో చేయించడానికి పది నిమిషాలు చాలు.

రెండో ఉదాహరణ లూపులది. 0 నుంచి 2 వరకు తిరిగే లూపులో, తిరిగిన ప్రతిసారీ లూపు చరరాశిని తిరిగి ఇచ్చే ఒక చిన్న ఫంక్షన్ తయారు చేసి జాబితాలో వేసుకుందాం. లూపు ముగిశాక మూడింటినీ పిలిస్తే పైథాన్‌లో 2, 2, 2 వస్తాయి. జావాస్క్రిప్ట్‌లో ‘లెట్’ వాడితే 0, 1, 2. ‘వార్’ వాడితే 3, 3, 3. సి షార్ప్ రూపకర్తలు 2012లో తమ ఫర్ ఈచ్ లూపు నియమాన్నీ, గో భాషవాళ్లు 2024లో 1.22 సంచికతో తమ ఫర్ లూపు నియమాన్నీ మార్చుకున్నారు, ప్రతి తిరుగుడుకూ కొత్త చరరాశి వచ్చేలా. భాష నియమాలు ఎవరో ఆలోచించి తీసుకున్న నిర్ణయాలనీ, అవి మారగలవనీ విద్యార్థికి ఇంతకంటే స్పష్టంగా తెలిసే చోటు అరుదు. పేరు ఏ విలువకు కట్టుబడింది, ఎప్పుడు కట్టుబడింది అన్నదే ఇక్కడ కూడా ప్రశ్న.

ఇలాంటి ఉదాహరణలు ఎన్ని చూపినా, విద్యార్థి తన చేతులతో ఒక చిన్న ఇంటర్‌ప్రెటర్ రాస్తే తప్ప విషయం స్థిరపడదు. అంకెలు, కూడిక, పేర్లు, ఫంక్షన్లు ఉంటే చాలు. పైథాన్‌లో ఒక్క ఫైలులో ఇమిడిపోతుంది, ల్యాబ్‌లోని పాత కంప్యూటర్ మీదా నడుస్తుంది, ఇంటర్నెట్ అక్కర్లేదు. అందులో పేర్లకూ విలువలకూ ఒక పట్టిక ఉంటుంది. ఫంక్షన్‌ను పిలిచినప్పుడు దాని శరీరాన్ని ఏ పట్టికతో లెక్కించాలి? ఫంక్షన్ పుట్టినచోటి పట్టికతో లెక్కిస్తే స్టాటిక్ స్కోప్, పిలిచినచోటి పట్టికతో అయితే డైనమిక్ స్కోప్. మారేది దాదాపు ఒక్క వరుస. బయట ఎక్స్ విలువ 1, ‘ఫ’ ఎక్స్‌ను తిరిగి ఇస్తుంది, ‘గ’ తన సొంత ఎక్స్‌కు 2 పెట్టుకుని ‘ఫ’ను పిలుస్తుంది. జవాబు 1 నుంచి 2కు మారడం విద్యార్థి స్వయంగా చూస్తాడు. తొలినాటి లిస్ప్ భాషలో డైనమిక్ స్కోప్ పొరపాటుగా వచ్చి చేరిందని జాన్ మెకార్తీ 1978లో లిస్ప్ చరిత్ర చెబుతూ ఒప్పుకున్నారు. 1975లో సస్‌మన్, స్టీల్ రూపొందించిన స్కీమ్ అనే భాష స్టాటిక్ స్కోప్‌ను ఎంచుకుంది. ఆ ఒక్క వరుస రాసిన తర్వాత ఈ చరిత్ర చెబితే పిల్లలు చెవులప్పగించి వింటారు. ముందే చెబితే తేదీల జాబితాగానే మిగులుతుంది.

కృష్ణమూర్తి, జస్టిన్ పోంబ్రియో, క్యాథీ ఫిస్లర్ 2017లో ప్రతిపాదించిన పద్ధతి కూడా మన తరగతులకు పనికొస్తుంది. రూపం ఒకటే, నడక వేరైన కొన్ని భాషలు విద్యార్థికి ఇస్తారు. వాటిని విడదీసి చూపే ప్రోగ్రాములు అతడే రాయాలి. పైన చెప్పిన ఇంటర్‌ప్రెటర్‌ను రెండు మూడు రకాలుగా మార్చి, ఏది ఏదో చెప్పకుండా ఇస్తే సరిపోతుంది.

ఇక మాధ్యమం సంగతి. ప్రోగ్రామ్ నడిపే ముందు జవాబును ఊహించి, కారణాన్ని నోటితో చెప్పించడం ఈ బోధనకు ఆయువుపట్టు. ఇంగ్లీషులో కారణం చెప్పమంటే క్యాంపు నుంచి వచ్చిన పిల్లవాడు పుస్తకంలోని వాక్యం అప్పజెబుతాడు, అతడికి ఎంత అర్థమైందో ఉపాధ్యాయుడికి తెలియదు. తెలుగులోనో కన్నడంలోనో చెప్పనిస్తే, ఎక్కడ పొరబడుతున్నాడో మొదటి రెండు మాటల్లోనే బయటపడుతుంది. సాంకేతిక పదాలు ఇంగ్లీషువే ఉండనివ్వండి, తర్కం మాత్రం పిల్లవాడి నోట అతడి మాటల్లో రావాలి. యంత్రాలే కోడ్ రాసి ఇస్తున్న ఈ రోజుల్లో, ఇచ్చిన కోడ్ ఏం చేస్తుందో నడపకుండానే చెప్పగల శక్తి ప్లేస్‌మెంట్ ఇంటర్వ్యూలకే కాదు, ఆ తర్వాతి ఉద్యోగానికీ అవసరం.

కొత్త పేపరు వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ఉన్న జావా ల్యాబ్‌లో, కంపైలర్ పేపరు ఉన్నచోట అందులో దీనికి చోటు చేసుకోవచ్చు. ఇంటర్నల్స్ ప్రశ్నపత్రం రాసేది కళాశాల ఉపాధ్యాయులే కనుక వారికి నా విజ్ఞప్తి ఒక్కటే: వచ్చే సెమిస్టర్ నుంచి ‘తేడాలు రాయండి’ అనే ఒక ప్రశ్న తీసేసి, దాని స్థానంలో ఒక చిన్న ప్రోగ్రామూ రెండు నియమాలూ ఇచ్చి, ఏ నియమం కింద ఏం ముద్రిస్తుందో, ఎందుకో రాయమని అడగండి.