వీపు కోసం తేలిక డంబెల్

మా విజయనగరంలో కసరత్తు అనగానే కోడి రామమూర్తి నాయుడు గారి పేరే వస్తుంది. వీరఘట్టంలో పుట్టి, మా ఊళ్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి, తర్వాత సర్కస్ నడిపి, గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి ఆయన. మా ప్రాంతపు జాతరల్లో ఇప్పటికీ సంగిడి రాళ్లు ఎత్తుతారు. ఎంత బరువు లేపాడన్నదే అక్కడ లెక్క. ఆ బలమంటే నాకు భక్తి. కానీ నేను నేర్పేది భుజాల వెనకభాగానికీ, వీపు పైభాగానికీ చేసే డంబెల్ కసరత్తు. దాని దారి వేరు.

ఆ దారి ఎక్కడ మొదలైందని వెతికితే నాకు 1860 నాటి బోస్టన్ కనిపిస్తుంది. అక్కడ జార్జ్ విండ్‌షిప్ అనే వైద్యుడు భారీ బరువులెత్తి చూపిస్తూ, బలమే ఆరోగ్యమని ఉపన్యాసాలిస్తున్నాడు. అదే ఊరికి వచ్చిన వ్యాయామ బోధకుడు డయో లూయిస్‌కి మల్లయోధుల మీద ధ్యాస లేదు. బల్లల ముందు కూర్చుని భుజాలు ముందుకు వాలిపోయిన బడిపిల్లలు, గుమస్తాలు, ఆడవాళ్లు ఆయన మనసులో ఉన్నారు. ఇనప డంబెల్స్ పక్కన పెట్టి చెక్కవి చేయించాడు. పాటకు తగ్గట్టు, చురుగ్గా తిప్పించాడు. తలమీద బరువైన కిరీటం పెట్టి నడిపించేవాడు కూడా. నీళ్లబిందెతో నడిచే మన ఆడవాళ్ల వెన్ను ఎందుకు తిన్నగా ఉంటుందో తెలిసినవాళ్లకి అదేం వింతగా అనిపించదు. 1862లో పద్ధతంతా పుస్తకంగా రాశాడు. 1864లో లెక్సింగ్టన్‌లో ఆడపిల్లల బడి పెట్టి, చదువుతోపాటు కసరత్తూ నేర్పించాడు. ఆ కాలంలో ఆడపిల్లల చేతికి డంబెల్ ఇవ్వడం ఎంత పెద్ద మాటో ఆలోచించండి! ఈ మనిషి పేరు మన వ్యాయామ పాఠాల్లో వినపడకపోవడం నాకు బాధ.

తర్వాత యూజెన్ శాండో వచ్చాడు. కండల ప్రదర్శనతో ప్రపంచమంతా తిరిగి, 1904-05లో మన దేశానికీ వచ్చాడు. అంతటి బలశాలి కూడా ఇంట్లో చేసుకునేవాళ్లకి చెప్పింది అయిదు పౌండ్ల డంబెలే, అంటే రెండుంబావు కిలోలు.

కాకపోతే అప్పటి కసరత్తులు ఎక్కువగా నిలబడి చేసేవి. నిలబడి చేతులు పక్కలకు చాపితే భారమంతా భుజం పక్కభాగం మీద పడుతుంది, ఎందుకంటే బరువు ఎప్పుడూ నేలవైపే లాగుతుంది. తుంటి దగ్గర వంగి, నడుము తిన్నగా ఉంచి, వేలాడే చేతుల్ని పక్షి రెక్కల్లా పక్కలకు లేపినప్పుడే భుజం వెనక కండ ఆ లాగుడుకు ఎదురు నిలుస్తుంది. వీపు మీది రెక్క ఎముకలు దగ్గరవుతాయి. జిమ్‌లలో ఇవాళ చేసేది ఈ వంగిన పద్ధతే. నా దృష్టిలో లూయిస్ తలపెట్టిన పనిని పూర్తి చేసింది ఈ చిన్న మార్పు.

భుజం వెనక కండ చిన్నది. బరువు మించితే అది తప్పుకుంటుంది. మెడ బిగుస్తుంది, నడుము ఊగుతుంది. "ఇది మరీ తేలిక మేడమ్" అంటారు మా అమ్మాయిలు. రెండు కిలోలు ఊపు లేకుండా పన్నెండుసార్లు లేపి, నెమ్మదిగా దించగలిగాకే మూడు కిలోలు ముట్టుకోనిస్తాను.