వెన్నెముక గాయం: మొదట పట్టుకునే చేతులు

తాటిచెట్టు నుంచి జారిపడిన గీతకార్మికుడు, జాతీయ రహదారిపై బండి మీది నుంచి ఎగిరిపడిన యువకుడు: అనకాపల్లి పరిసరాలలో వెన్నెముక గాయమనగానే ముందుగా స్ఫురించేది వీరే. వీరి బ్రతుకు ఆసుపత్రికి చేరకముందే, లేవనెత్తే చేతులలో ఉంటుంది. ఈ సత్యం గ్రహించడానికి వైద్యలోకానికి చాలా కాలం పట్టింది.

సుమారు 3,600 ఏళ్ల నాటి ఈజిప్టు వైద్యగ్రంథమైన ఎడ్విన్ స్మిత్ పపైరస్, మెడపూస తొలగి కాళ్లుచేతులు చచ్చుబడితే చికిత్స లేదని తేల్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలోనూ ఇటువంటి క్షతగాత్రులలో అత్యధికులు పడకపుండ్ల వల్ల, మూత్రకోశంలో చేరిన చీము వల్ల మరణించారు. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో లడ్విగ్ గుట్‌మన్ ఈ నిరాశను తిరస్కరించారు. రోగిని వేళతప్పక పక్కలకు తిప్పించి, మూత్రవిసర్జనపై శ్రద్ధ వహించి, ఎందరినో బ్రతికించారు.

మనవారెందరో వైద్యానికి వెళ్లే వేలూరులో మరొక నిదర్శనం ఉంది. 1954లో కారు ప్రమాదంలో నడుము కింది భాగం చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్, చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత అక్కడి పునరావాస వైద్యానికి పునాది వేశారు.

బ్రతికించడం సాధ్యమని తేలాక, దృష్టి తొలి నిమిషాలపైకి మళ్లింది. 1978లో అమెరికాలో మొదలైన ప్రమాద చికిత్సా శిక్షణ ఒక క్రమాన్ని నేర్పింది: మెడను కదలనీయకుండానే ముందు శ్వాసమార్గం, ఆపై ఊపిరి, రక్తప్రసరణ, తరువాత నరాల పరీక్ష. రక్తపోటు పడిపోయినా నాడి నెమ్మదిగా కొట్టుకుంటే వెన్నుపామును అనుమానించాలి. అయితే లోపలి రక్తస్రావం లేదని తేల్చుకోవడం మరువరాదు.

మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న 108 సేవ ఆరంభమైంది. అయినా, చంకలూ కాళ్లూ పట్టి ఎత్తి, ఆటోలో ముడిచి కూర్చోబెట్టే అలవాటు పోలేదు. విరిగిన పూస అప్పుడే కదిలి, మిగిలి ఉన్న నరాలను నలిపివేయవచ్చు.

కనుక మీరు 108కి ఫోను చేయండి. మంట, వాహనాల రాకపోకల వంటి ప్రమాదం లేకపోతే బాధితుని కదపకండి. తలను రెండు చేతులతో స్థిరంగా పట్టండి. వాంతి అయితే తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేలా నలుగురూ కలిసి పక్కకు తిప్పండి. ఊపిరి ఆగితే మాత్రం ప్రాణం కాపాడటమే ముందు.

కేసుల భయమూ వద్దు. సదుద్దేశంతో సాయపడిన వారికి 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ రక్షణ కల్పించింది.