పిడికిలి బియ్యం: మా స్త్రీల మైత్రికి డెబ్బై అయిదేళ్లు

బందరు ప్రాంతంలో ఏ క్రైస్తవ సంఘం చరిత్ర రాసినా 1841లో మిషనరీలు ఫాక్స్, నోబుల్ దొరల రాకతో మొదలుపెట్టడం ఆనవాయితీ. నోబుల్ దొర 1843లో తెరిచిన బడి, సుమారు 30,000 మందిని మింగిన 1864 ఉప్పెన పుస్తకాలకెక్కాయి. పిడికిలి బియ్యం మాత్రం ఎక్కలేదు. జూబిలీ కమిటీవారు నన్ను రాయమన్నారు కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్ అజరయ్యగారు 1912 నుంచి దోర్నకల్ పీఠంలో ఉండి, పేద సంఘాలు పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ నేర్వాలని బోధించారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక, మా ఊళ్లో స్త్రీల మైత్రి ద్వారా ఆ మాటను వంటింట్లోకి తెచ్చింది మా టీచరమ్మగారు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికిలి తీసి వేరే కుండలో వేయాలి. శనివారం అన్నీ పోగుచేయాలి. ఆమె నియమాలు రెండే. మా ఊళ్లో విడివిడిగా ఉన్న రెండు పల్లెల బియ్యమూ ఒకే గంపలో పడాలి. ఇచ్చినవారి పేరు ఎక్కడా రాయకూడదు. ఎవరైనా ఎదురు చెబితే మత్తయి సువార్త ఆరో అధ్యాయం తెరిచి చూపేవారు. బాలింతలకూ, పిల్లలు వదిలేసిన ముసలివాళ్లకూ ఆ బియ్యమే ఆధారం. వాళ్లది ఏ మతమని అడిగితే టీచరమ్మగారికి కోపం వచ్చేది.

తర్వాత చాలా ఏళ్లు బియ్యం పోగుచేశాం, పంచాం, ప్రార్థించాం.

1977 నవంబరు 19 శనివారం. బియ్యం పోగయ్యే రోజే ఉప్పెన వచ్చింది. దివిసీమలో వేల మంది పోయారు. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. మా కప్పులూ ఎగిరిపోయాయి, ఇళ్లలో బియ్యం తడిసింది. "ముక్కిపోకముందే వండండర్రా" అన్నారు టీచరమ్మగారు. వండిన అన్నంతో దివిసీమ వైపు లారీ పోగలిగినంత దూరం పోయి, ఆపైన నడిచాం. బావులన్నీ ఉప్పు. అక్కడివాళ్లు అన్నం కంటే ముందు నీళ్లడిగారు. ఒంటిమీద గుడ్డ మిగలక, కూలిన గోడల చాటున ఆడవాళ్లు ముడుచుకుని ఉన్నారు. టీచరమ్మగారు మగవాళ్లను దూరంగా ఆపేసి, మమ్మల్ని చీరలతో ముందుకు పంపారు. ఆ వారమంతా మా పిల్లలు సగం కడుపుతోనే పడుకున్నారు. కుండలో పిడికిలి మాత్రం తప్పలేదు.

కుట్టుమిషన్లు ఇచ్చినవారికి, ఇటుకలు తోలించిన రైతులకు, బియ్యం తూచి పెట్టిన కిరాణా కొట్టువారికి, గల్ఫ్ నుంచి డబ్బు పంపిన మా ఆడపిల్లలకు, లారీ డ్రైవర్లకు, గుడి బోయికి, గంపలు మోసిన అక్కచెల్లెళ్లకు, వరుసగా వచ్చిన అయ్యగార్లకు, అమ్మగార్లకు మైత్రి తరఫున వందనాలు.

ఇంకొక్క మాట. మిగులు బియ్యం అమ్మిన డబ్బుతో మొదలైందే మన హాలు. గోడమీద రాతిపలకపై కమిటీ పెద్దల పేర్లున్నాయి, దాతల పేర్లున్నాయి. టీచరమ్మగారి పేరు లేదు. ఆమె వద్దన్నారు కాబట్టి దానికి నాకు బాధ లేదు. కానీ పేరు రాయించుకోని చేతులకు హక్కూ లేదని ఎవరు తేల్చారు? హాలు పెళ్లిళ్లకు అద్దెకు పోతోంది. మైత్రి కూడిక పెట్టుకోవాలంటే ముందు దరఖాస్తు పెట్టుకోవాలి. శనివారం బియ్యం దించడానికి చోటు లేక వరండాలో పోస్తున్నాం. ఫ్లెక్సీలు, శాలువాలు మాకొద్దు. జూబిలీ కానుకగా హాల్లో ఒక గది, దాని తాళంచెవి మైత్రికి ఇస్తే చాలు.