కొణతం పట్టిన చేయి

నాగులేటి గట్టున తండ్రి గుడ్డ మూట విప్పాడు. ఏడాది పొడుగునా ఇంట్లో దేవుడి మూల నిలబడ్డ వీరుల ఆయుధం, కొణతం అది. పసుపు అట్టకట్టి ఇనుము కనిపించడం లేదు.

"నేలకు ఆనించకురా. తాత కూడా ఆనించలేదు."

కొడుకు రెండు చేతులా అందుకున్నాడు. మొన్నటిదాకా పత్తి తీసిన వేళ్ళు. ఎండు డొప్పలు గీరుకుని గోళ్ళ పక్కన చర్మం లేచిపోయింది. ఏటి నీళ్ళు తగలగానే చురుక్కుమంది.

"మిరప చేలో మందు కొట్టాలి నాన్నా. ఐదు రోజులూ ఇక్కడేనా?"

"చేను ఎక్కడికీ పోదు."

ఈ తండ్రీకొడుకులు ఫలానా ఇంటివాళ్ళు కారు. కార్తీక అమావాస్యకు కారంపూడి చేరే, పల్నాటి వీరులను కొలిచే వీరాచారుల్లో ఎవరైనా కావచ్చు. తక్కినదంతా ఏటా జరిగేదే. 12వ శతాబ్దంలో దాయాదుల మధ్య సాగిన పల్నాటి యుద్ధంలో పడిపోయిన వీరులకు ఈ ఊరు ఇప్పటికీ కొలువు చేస్తోంది. 2022 దాకా గుంటూరు జిల్లా, ఇప్పుడు పల్నాడు జిల్లా.

ఐదు రోజుల కొలువు రాచగావుతో మొదలు. రెండోనాడు రాయబారం. సంధి మాటలకు వెళ్ళి చర్లగుడిపాడులో విషానికి బలైన అలరాజు కథ పాడేటప్పుడు ముసలమ్మలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. మూడోనాడు మందపోరు, ఆ రోజే చాపకూడు. మాలలనూ నాయకులనూ ఒకే చాప మీద కూర్చోబెట్టిన, యుద్ధంలో ఒక పక్షాన్ని నడిపిన బ్రహ్మనాయుడి పేరున ఇవాళ్టికీ పంక్తి సాగుతోంది. నాలుగోనాడు కోడిపోరు. నాయుడి పుంజు చిట్టిమల్లు ఒకవైపు, ఎదుటి పక్షపు మంత్రి నాగమ్మ పుంజు శివంగి డేగ మరోవైపు. చివరినాడు కళ్ళిపాడు.

ఆ పొద్దు పంబ మోత జోరందుకుంది. వీరుల కథ పాడే వీరవిద్యావంతుడు కత్తి ఊపుతూ, ఆ యుద్ధంలో పడిపోయిన కుర్రవీరుడు బాలచంద్రుడి పేరెత్తాడు. కొడుకు మెడ మీద నరం ఒకటి ఉబికింది. కళ్ళు ఎటో చూస్తున్నాయి.

"పట్టుకోండి, పట్టుకోండి!"

మేనమామ నడుం పట్టుకున్నాడు. వేపమండలు ముఖానికి తగిలాయి. చేతిలో కొణతం మాత్రం వదల్లేదు. అడుగు వేస్తున్నది తాను కాదన్నట్టే ఉంది ఆ ఆట. కాసేపటికి మోకాళ్ళు సడలి పడిపోయాడు. తండ్రి ముందు కొణతాన్ని అందుకున్నాడు, ఆ తర్వాతే కొడుకును.

ఇలాంటి పూనకమే సముద్రాలవతల బాలి దీవిలోనూ ఉంది. అక్కడ చెడుకు ముఖం చేసి పెట్టారు. కోరలు, వేలాడే నాలుక, జుట్టు విరబోసుకున్న రంగ్డా. ఎదురుగా ఇద్దరు మనుషులు మోసే సింహం లాంటి బరాంగ్, ఊరిని కాచేది. బరాంగ్ పక్షాన కత్తులెత్తిన వాళ్ళు రంగ్డా మాయకు లోబడి ఆ మొనలు తమ గుండెలకే తిప్పుకుంటారు. పూజారి తీర్థం చల్లితే తెలివిలోకి వస్తారు. మార్గరెట్ మీడ్, గ్రెగరీ బేట్‌సన్ 1930ల చివర దీన్ని చిత్రీకరించారు. ఎన్నిసార్లు ఆడినా రంగ్డా చావదు.

మనవాళ్ళు చెడుకు ముసుగు చేయలేదు. నాగమ్మకు కోరలు పెట్టాలని కొందరు కథకులకు ఉబలాటం. నాకది నచ్చదు. ఆడది మంత్రిగా కూర్చుని రాజ్యం నడిపితే ఆమె ఎత్తుగడ కుట్ర, అవతలివాడిది నీతి అయిపోయాయి. కారంపూడిలో పూనేది దయ్యం కాదు, దాయాదుల తగవులో తెగిపోయిన కుర్రాడు.

గెలుపెవరిదైనా, బాలచంద్రుడు పోయాడు. బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళిపోయాడంటారు.

కొడుకు లేచి కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. "ఏం జరిగింది?" అన్నాడు. ఎవరూ చెప్పలేదు. తండ్రి కొణతాన్ని గుడ్డలో చుడుతున్నాడు.

వెళ్ళదలిస్తే రాచగావు నాటికే కారంపూడి చేరండి. కళ్ళిపాడు ఒక్కటే చూసొస్తే, ఆ కుర్రాడు ఎవరికోసం పడిపోయాడో తెలియదు.