చెన్నపట్నంలో చుట్టపుచూపు

పోయిన వేసవిలో మా అక్కయ్య కొడుకు ఒంగోలు నుంచి రెండు రోజుల పనిమీద చెన్నై వచ్చాడు. సెంట్రల్ స్టేషనులో దిగీ దిగగానే, "మావయ్యా, పరాయి ఊరు, బోర్డు మీద అక్షరం ముక్క అర్థం కాదు, ఇక్కడ తిరిగేదెలా?" అన్నాడు. వాడు మామూలుగానే అన్నాడు. కాని ఇక్కడే పుట్టి, ఇక్కడే బ్యాంకు ఉద్యోగంలో తల నెరిసిన నాకు ఆ 'పరాయి' అన్న మాట మనసులో కలుక్కుమంది.

మా తాతగారు నెల్లూరు జిల్లా నుంచి గుమాస్తా పనికి వచ్చిననాడు ఇది పరాయి ఊరు కాదు. వారి రాష్ట్రానికి రాజధాని. 1639లో ఇంగ్లీషు కంపెనీకి ఈ తీరాన చోటిచ్చినవారు దామెర్ల నాయకులు. వారి తండ్రి చెన్నప్ప నాయకుని పేరే చెన్నపట్నానికి వచ్చిందని చాలామంది చరిత్రకారుల మాట. తాతగారు ఊరంతా ట్రాములో తిరిగినవారు. 1895లో మొదలైన ఆ కరెంటు ట్రాములు దేశంలోనే మొదటివి. కంపెనీ దివాలా తీసి 1953 ఏప్రిల్‌లో ఆగిపోయాయి. ఆ అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. "ఆర్నెల్లలో ట్రామూ పోయింది, రాజధానీ పోయింది" అనేవారు తాతగారు. ఆయన ఇల్లు మారలేదు. ఊరే పరాయిదయింది.

మర్నాడు ఆదివారం. మా అమ్మాయిని కూడా వెంటబెట్టుకుని బయలుదేరాను. సెంట్రల్‌కు ఎదురుగా పార్కు స్టేషను. బీచ్ నుంచి తాంబరం దాకా 1931లోనే కరెంటు రైళ్ళు నడిచిన లైను అది. కొత్తవారికి ఈ ఊరు చౌకగా చూపించేది ఇప్పటికీ అదే. మాంబళంలో దిగి, రంగనాథన్ వీధి జనంలోంచి ఈదుకుంటూ పానగల్ పార్కు చేరాం.

"త్యాగరాయనగరమంటే త్యాగరాజస్వామి పేరేనా?" అని అడిగాడు మావాడు. కాదు, జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరైన పిట్టి త్యాగరాయ శెట్టి గారిది. పార్కు పేరు 1921 నుంచి 1926 దాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన పానగల్లు రాజా రామరాయణింగారిది. ఇద్దరూ తెలుగువారే. వాడు ఒక నిమిషం మాట్లాడలేదు.

అక్కడినుంచి మైలాపూరుకు బస్సు. తమిళ బోర్డులు చదివి, "బావా, ఇది కాదు, వెనక వచ్చేది మనది" అని మా అమ్మాయే ఎక్కించింది. లజ్ దగ్గర నాగేశ్వరరావు పార్కు చూశాం. అమృతాంజనం అమ్మిన డబ్బుతో ఆంధ్రపత్రికను నడిపిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారి పేరది. కోస్తా, రాయలసీమ నాయకులు 1937లో శ్రీబాగ్ ఒడంబడిక చేసుకున్నది ఆయన ఇంట్లోనే.

చివరికి రాయపేట హైరోడ్డులోని పొట్టి శ్రీరాములు స్మారక భవనానికి వెళ్ళాం. 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి 58 రోజులు నిరాహారదీక్ష చేసి, డిసెంబరు 15న ఆయన ప్రాణం విడిచింది బులుసు సాంబమూర్తి గారి ఇంట, ఇక్కడే. నాలుగు రోజులకు నెహ్రూ రాష్ట్రాన్ని ప్రకటించారు, మద్రాసు లేకుండా. మద్రాసు వదులుకుంటేనే రాష్ట్రమని 1949లోనే జె.వి.పి. కమిటీ చెప్పింది. మా భాషలో చెప్పాలంటే అది తేలిపోయిన ఖాతా. దాన్ని మళ్ళీ తెరవడంలో లాభం లేదు.

తేలని ఖాతా మరొకటుందని అక్కడే తెలిసింది. గోడమీది తెలుగు అక్షరాల ముందు మా అమ్మాయి ఆగిపోయింది. "బావా, ఏం రాశారు?" అని అడిగింది. బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చిన తరవాత చదువుకు కూర్చున్న పిల్ల. తెలుగు మాట్లాడుతుంది, చదవలేదు. తప్పంతా చట్టానిదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. సాయంత్రం పూట అరగంట కూర్చోబెట్టి అ ఆలు దిద్దించడానికి ఏ చట్టం అడ్డొచ్చింది?

మావాడు ఒక్కొక్క మాటే వేలు పెట్టి చదివి వినిపించాడు. పొద్దున బస్సు బోర్డు ముందు వాడు ఎలా నిలబడ్డాడో, ఇక్కడ అది అలా నిలబడింది. రైలెక్కించేటప్పుడు, "ఊరు పరాయిది కాదు మావయ్యా" అన్నాడు వాడు.

ఇంటికి వస్తూ దారిలో ఒక పెద్దబాలశిక్ష కోసం రెండు కొట్లు తిరిగాం. దొరకలేదు. ఒంగోలు నుంచి పంపమని వాడికే చెప్పాను. అది వచ్చింది. ఇప్పుడు గుణింతాల దగ్గర ఉన్నాం.